రోమ్ ఎందుకు కూలింది? విలాసాల వల్ల కాదు, సైన్యానికి జీతాలు ఆగినందువల్ల

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. రోమన్లు విలాసాల్లో మునిగి నీతి తప్పి నాశనమయ్యారని మీ గైడ్‌లో ఉన్న మాట నిజమేనా? అంత పెద్ద సామ్రాజ్యం 476లో ఒక్కసారిగా ఎలా పడిపోయింది? ఆ తర్వాత ఆ జనమంతా ఏమయ్యారు? ఎం.ఏ. హిస్టరీకి చదువుతున్నానని కూడా రాశారు కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

ముందు సూటిగా జవాబు. పశ్చిమ రోమన్ రాజ్యాన్ని కూల్చింది నీతి పతనం కాదు. సైన్యాన్ని పోషించే పన్నుల భూములు ఒకదాని వెంట ఒకటి చేజారాయి. జీతం అందక సైన్యం కరిగిపోయింది. ఆ పన్నునీ ఆ సైన్యాన్నీ ఆధారం చేసుకుని బతికిన సమాజం ఆ తర్వాత ఎక్కడికక్కడ విడిపోయింది. 406 నుంచి 476 దాకా, డెబ్బై ఏళ్ల పాటు సాగిన వ్యవహారం ఇది. అందులో ఒకే ఒక్క ఏడాదిని ఎంచుకోమంటే నేను 476ని ఎంచుకోను, 439ని ఎంచుకుంటాను. ఎందుకో కింద చెబుతాను.

నేను కాలేజీలో చరిత్ర చెప్పాను. తెలుగు నేలలో దొరికిన పాత నాణేల మీద చాలాకాలంగా పనిచేస్తున్నాను. అందుకే ఏ రాజ్యం గురించి ఎవరు అడిగినా నేను ముందు ఖజానా వైపే చూస్తాను. రోమ్ విషయంలో అలా చూడడం సరైనదేనని నా గట్టి నమ్మకం.

నీతి పతనం వాదంతో మొదలుపెడదాం. క్లాసులో ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు ఇదే చెప్పేవారు. నేను తిరిగి అడిగేది ఒక్కటే: ఎప్పటి విలాసాలు? నీరో విందులు, టిబేరియస్ కాప్రి దీవి కథలు, అన్నీ క్రీ.శ. మొదటి శతాబ్దానివి. సామ్రాజ్యం అత్యంత విశాలంగా ఉన్నది ఆ తర్వాత ట్రాజన్ కాలంలో, 117 నాటికి. అంతకన్నా ముందు, క్రీ.పూ. మొదటి శతాబ్దంలోనే సాలస్ట్ అనే చరిత్రకారుడు మన నీతి చెడిపోయిందని వాపోయాడు. క్రీ.పూ. 146లో ఉత్తర ఆఫ్రికాలోని శత్రునగరం కార్తేజ్‌ని నేలమట్టం చేశాక, భయపెట్టే శత్రువు లేక రోమన్లు పాడైపోయారని ఆయన వాదన. ఆయన అలా రాశాక పశ్చిమ సామ్రాజ్యం ఇంకో ఐదు వందల ఏళ్లు బతికింది. ఫలితం కనిపించడానికి ఐదు శతాబ్దాలు పట్టే కారణం ఏదీ వివరించదు. పైగా ఐదో శతాబ్దపు రాజసభ భక్తిపరులైన క్రైస్తవులది, నీరో కాలపు విందులు అక్కడ లేవు. అయితే క్రైస్తవమే సామ్రాజ్యాన్ని బలహీనపరిచిందా అంటే అదీ నిలవదు. తూర్పు సగంలో క్రైస్తవం ఇంకా లోతుగా పాకింది, ఆ తూర్పు సగమే కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్) రాజధానిగా 1453 దాకా నిలిచింది.

తూర్పు ఎందుకు నిలిచిందో చెప్పలేని ఏ కారణాన్నీ మీ జవాబులో ప్రధాన కారణంగా రాయకండి. రోమ్ పతనానికి ఇప్పటిదాకా ఎవరెవరో చెప్పిన కారణాలను ఒక జర్మన్ చరిత్రకారుడు పోగుచేస్తే 210 తేలాయి. ఈ ఒక్క పరీక్ష పెడితే వాటిలో చాలావరకు రాలిపోతాయి. సీసపు గొట్టాల నీళ్లు తాగి మతి చెడిపోయారన్నది కూడా వాటిలో ఒకటి. సీసపు గొట్టాలు తూర్పులోనూ ఉన్నాయి.

ఇక నాణేల సంగతి. నాణెంలో వెండి తగ్గించి, ధరలు పెరిగి, రోమ్ కూలిందని ఈమధ్య వీడియోల్లో తరచుగా చెబుతున్నారు. ఇందులో సగం నిజం ఉంది కాబట్టే దీని దగ్గర కాసేపు ఆగుతాను.

నల్గొండ జిల్లా అక్కనపల్లిలోనూ, ఆంధ్ర, తెలంగాణల్లోని ఇంకొన్ని చోట్లా రోమన్ వెండి నాణేలు, డెనేరియస్‌లు, దొరికాయి. ఎక్కువగా దొరికేవి అగస్టస్, టిబేరియస్‌లవి. మిరియాలకు, రత్నాలకు, సన్నని నూలు బట్టలకు వెలగా వచ్చిన సొమ్ము అది. భారతదేశం ఏటా తమ దగ్గర 5 కోట్ల సెస్టర్స్‌లు అనే నాణేలు లాగేస్తోందని రోమన్ రచయిత ప్లినీ వాపోయింది ఈ వ్యాపారం గురించే. ఆ నాణేలను చేతిలోకి తీసుకుంటే ఇప్పటికీ మంచి వెండి అని తెలుస్తుంది. కొన్నింటి మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా కత్తిగాటు ఉంటుంది. 64లో నీరో డెనేరియస్ బరువునూ వెండినీ తగ్గించాడు. ఆ తర్వాతి వెండి నాణేలు మన వైపు బాగా అరుదు. మన వర్తకులు పాత వెండినే కోరుకున్నారని నాణేలు చూసేవాళ్లలో చాలామంది అభిప్రాయం, నాదీ అదే.

నీరో మొదలుపెట్టిన పని అక్కడితో ఆగలేదు. 200 ప్రాంతానికి, సెప్టిమియస్ సెవెరస్ కాలంలో, డెనేరియస్‌లో వెండి సగానికి దిగింది. సైనికులను సంపన్నులను చేయండి, మిగతావాళ్ల సంగతి వదిలేయండి అని ఆయన చనిపోతూ కొడుకులకు చెప్పాడని చరిత్రకారుడు కాసియస్ డియో రాశాడు. కొడుకు కారకల్లా జీతాలు పెంచాడు, దానికోసం రెండు డెనేరియస్‌ల విలువ కట్టి కొత్త నాణెం తెచ్చాడు, అందులో రెండింటికి సరిపడా వెండి లేదు. 270 నాటికి ఆ కొత్త నాణెంలో నూటికి 5 పాళ్ల వెండి కూడా మిగల్లేదు. రాగి బిళ్ల మీద వెండి పూత, అంతే. 235 నుంచి 284 దాకా యాభై ఏళ్లలో ఇరవై మందికి పైగా చక్రవర్తులు మారారు. 260లో వలేరియన్ చక్రవర్తి పర్షియా రాజు షాపూర్ చేతికి బందీగా చిక్కాడు. గాల్ (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) ఒకవైపు, సిరియాలోని పాల్మైరా నగరం ఒకవైపు విడిపోయి సొంత రాజ్యాలు పెట్టుకున్నాయి. పైగా అంటువ్యాధి. సామ్రాజ్యం కూలాలంటే అప్పుడే కూలాలి.

కానీ కూలలేదు. నాణెం వాదం తప్పటడుగు వేసేది సరిగ్గా ఇక్కడే. అరేలియన్ విడిపోయిన ముక్కలను 274 నాటికి మళ్లీ కలిపాడు. డయొక్లీషియన్ పాలనను నలుగురికి పంచాడు, రాష్ట్రాల సంఖ్యను ఇంచుమించు రెట్టింపు చేశాడు, పన్ను లెక్కలను కొత్తగా కట్టాడు. 301లో వెయ్యికి పైగా సరుకులకు గరిష్ఠ ధరలు నిర్ణయించి, మీరితే మరణశిక్ష అన్నాడు. అది ఫలించలేదు. కాన్‌స్టాంటైన్ తెచ్చిన బంగారు సాలిడస్ మాత్రం ఫలించింది. రోమన్ పౌను (సుమారు 325 గ్రాముల తూకం) బంగారానికి 72 నాణేలు, ఒక్కొక్కటి నాలుగున్నర గ్రాములు. పశ్చిమంలో చివరి చక్రవర్తి పేరుతో కొట్టిన సాలిడస్ కూడా ఈ లెక్కకే కట్టుబడింది. తూర్పులో అది పదకొండో శతాబ్దం దాకా మంచి బంగారంగానే నడిచింది. అంటే పశ్చిమం కూలేనాటికి దాని బంగారు నాణెం చెడలేదు. నాణెం మంచిదే, ఖజానాలో అవి సరిపడా లేవు. ఈ రెండింటికీ తేడా తెలియకపోతే మూడో శతాబ్దపు జబ్బుని తెచ్చి ఐదో శతాబ్దపు చావుకి అంటగడతాం.

మరి నాలుగో శతాబ్దపు రాజ్యం ఎలా నడిచింది? భూమి పన్నే దానికి ప్రాణం. పల్లె నుంచి ధాన్యంగానో బంగారంగానో పన్ను వసూలయ్యేది. వసూలు బాధ్యత దగ్గరి పట్టణ సభలోని సభ్యులది, లోటు పడితే వాళ్లే సొంత ఆస్తి నుంచి పూడ్చాలి. ఆ పదవి నుంచి తప్పించుకోకుండా తండ్రి తర్వాత కొడుకుని కట్టిపడేసే చట్టాలు వచ్చాయి. కౌలు రైతులు భూమి వదిలి పోకుండా 332లో కాన్‌స్టాంటైన్ చట్టం చేశాడు. కఠినమైన వ్యవస్థే, కానీ నడిచింది. ఒకప్పుడు ఈ చట్టాలు చదివి, పల్లెలన్నీ నలిగి ఖాళీ అయిపోయాయనుకునేవారు. గత శతాబ్దం రెండో సగంలో సిరియా కొండల్లోనూ ఉత్తర ఆఫ్రికాలోనూ జరిగిన సర్వేల్లో చూస్తే, అదే కాలంలో అక్కడి పల్లెలు నిండుగా ఉన్నాయి, నూనె గానుగలు పెరిగాయి. వచ్చిన రాబడిలో సగానికి పైగా సైన్యానికే పోయేదని చరిత్రకారుల అంచనా. ఆ సైన్యం పన్ను చెల్లించే పొలాలను కాపాడేది. పొలం పోతే పన్ను పోతుంది, పన్ను పోతే దళం పోతుంది, దళం పోతే ఇంకో పొలం పోతుంది.

ఆ పోవడం మొదలైన తీరు చూడండి. హూణుల ఒత్తిడికి గోత్‌లు అనే జర్మానిక్ జాతివాళ్లు 376లో డాన్యూబ్ నది దాటి లోపలికి వచ్చారు. రోమన్ అధికారులు వాళ్లకు తిండి పెట్టకుండా దోచుకున్నారు, తిరుగుబాటు వచ్చింది. 378 ఆగస్టు 9న ఆడ్రియానోపుల్ దగ్గర వాలెన్స్ చక్రవర్తి, ఆయన సైన్యంలో పెద్ద భాగం హతమయ్యారు. 395లో థియోడోసియస్ చక్రవర్తి చనిపోయాక తూర్పు, పడమర ఇద్దరు కొడుకుల చేతికి వెళ్లాయి, మళ్లీ కలవలేదు. 406 చివరి రోజున వాండల్స్, అలాన్లు, సువేబీలు అనే జాతులవాళ్లు రైన్ నది దాటారు. గాల్‌ని కొల్లగొట్టి 409లో స్పెయిన్‌లోకి దిగారు. బ్రిటన్ నుంచి 407లో కాన్‌స్టాంటైన్ అనే సేనాని సింహాసనం కోసం సైన్యాన్ని తీసుకుని గాల్‌కి వచ్చేశాడు, సైన్యం తిరిగి వెళ్లలేదు. 408లో పశ్చిమ చక్రవర్తి హొనోరియస్ తన సమర్థుడైన సేనాపతి స్టిలికోని చంపించాడు. గోత్ నాయకుడు అలారిక్ రోమ్ ముట్టడి వేసి 5,000 పౌన్ల బంగారం, 30,000 పౌన్ల వెండి, పట్టుబట్టలు, 3,000 పౌన్ల మిరియాలు పుచ్చుకున్నాడు. ఆ మిరియాలు మన మలబార్ తీరానివి. రెండేళ్లకు, 410 ఆగస్టులో, నగరాన్ని దోచుకునే వెళ్లాడు.

ఇంత జరిగినా పశ్చిమం తేరుకోగలిగేది. ఎందుకంటే ఆఫ్రికా మిగిలింది. ఇప్పటి ట్యునీషియా, తూర్పు అల్జీరియా ప్రాంతాలు. యుద్ధం చూడని పొలాలు. రోమ్ నగరం తినే ధాన్యం, నూనె అక్కడివే, రాజ్యానికి మిగులు బంగారం కూడా అక్కడిదే. వాండల్స్ రాజు గైసెరిక్ 429లో తనవాళ్లను వెంటబెట్టుకుని జిబ్రాల్టర్ జలసంధి దాటాడు. పిల్లాజెల్లా ముసలివాళ్లతో కలిపి 80,000 మంది అని విక్టర్ అనే బిషప్ రాశాడు. పదేళ్లకు, 439 అక్టోబర్ 19న, కార్తేజ్ గైసెరిక్ వశమైంది.

దీని ఫలితం చట్టాల్లోనే కనిపిస్తుంది. మూడో వాలెంటీనియన్ చక్రవర్తి 440ల్లో చేసిన చట్టాలు చదవండి. కొత్తగా చేర్చుకునేవాళ్ల మాట అటుంచి, ఉన్న సైన్యానికే తిండీ బట్టా చాలడం లేదని చక్రవర్తి స్వయంగా ఒప్పుకుంటూ, అమ్మకాల మీద 24వ వంతు కొత్త పన్ను వేశాడు. 442 ఒప్పందంలో ఆఫ్రికాలో మంచి భూములు వాండల్స్‌కి వదిలేసి, నలిగిపోయిన పడమటి ముక్కలు వెనక్కి తీసుకున్నాడు. 445లో ఆ ముక్కల మీద పన్నును పాత మొత్తంలో ఎనిమిదో వంతుకు తగ్గించాల్సి వచ్చింది. నా విద్యార్థులకు యుద్ధాల జాబితా కన్నా ముందు ఈ చట్టాలే చదివించేవాణ్ణి.

ఆఫ్రికాని తిరిగి తెచ్చుకుంటే బతుకుతామని అప్పటివాళ్లకూ తెలుసు. 441లో తూర్పు చక్రవర్తి పంపిన నౌకలు సిసిలీ దాకా వచ్చాయి. హూణులు డాన్యూబ్ దాటేసరికి వెనక్కి పిలిపించారు. మేజోరియన్, ఐదో శతాబ్దపు పశ్చిమంలో నాకు ఎక్కువ గౌరవం ఉన్న చక్రవర్తి, 460లో స్పెయిన్ తీరంలో నౌకలు సిద్ధం చేస్తే అక్కడే శత్రువు పాలయ్యాయి. మరుసటి ఏడాది సొంత సేనాపతి రిసిమెర్ ఆయన్ని చంపించాడు. 468లో తూర్పు, పడమర కలిసి చివరి ప్రయత్నం చేశాయి. బసిలిస్కస్ నాయకత్వంలో వెయ్యికి పైగా ఓడలు బయల్దేరాయి. కార్తేజ్‌కి దగ్గరలో గైసెరిక్ ఐదు రోజులు గడువు అడిగి, గాలి తనవైపు తిరగ్గానే మంటలు అంటించిన ఓడలను వాళ్ల మీదకి వదిలాడు. తూర్పు ఖజానా ఆ దెబ్బకి ఏళ్ల తరబడి తేరుకోలేదు. పశ్చిమానికి ఇంకో అవకాశం రాలేదు.

ఇదంతా బయటి శత్రువు చేసిందేనా అని అడగొచ్చు. లోపలివాళ్ల పాత్ర గురించి నాకు బాధ కలిగే సంగతి ఒకటుంది. రోమ్ సెనేట్‌లోని పెద్ద కుటుంబాల ఆదాయం ఏడాదికి 4,000 పౌన్ల బంగారమని, ధాన్యం, ద్రాక్షసారాయి అదనమని ఆ కాలపు చరిత్రకారుడు ఒలింపియోడోరస్ రాశాడు. అలారిక్‌కి ఇచ్చిన 5,000 పౌన్లు అలాంటి ఒకటి రెండు ఇళ్ల ఏడాది రాబడి. సైన్యానికి మనుషులను ఇమ్మంటే ఆ ఇళ్లే తమ కౌలు రైతులను వదల్లేక బేరాలాడాయి. పన్ను బరువు చిన్న రైతు మీదకి జారింది. మార్సెయ్ పట్టణంలో ఉన్న సాల్వియన్ అనే మతగురువు 440 ప్రాంతంలో రాసినది చదివితే కడుపు తరుక్కుపోతుంది. రోమన్ పన్ను భరించలేక పేదలు గోత్‌ల రాజ్యంలోకి పారిపోతున్నారనీ, తిరిగి రోమన్ పాలన కిందకి రాకూడదని కోరుకుంటున్నారనీ అంటాడు. ఆయన ఉపదేశకుడు, పెంచి రాస్తాడు, అది గుర్తుంచుకోవాలి. అయినా తనను కాపాడే రాజ్యం మీద రైతుకే నమ్మకం పోయిందన్నది చిన్న విషయం కాదు.

జీతం ఆగితే ఏమవుతుందో కళ్లకు కట్టే సాక్ష్యం యుగిప్పియస్ అనే సన్యాసి రాసిన సెయింట్ సెవెరినస్ జీవితంలో ఉంది. డాన్యూబ్ ఒడ్డున నోరికం రాష్ట్రం, ఇప్పటి ఆస్ట్రియా. రోమన్ అధికారం ఉన్నన్నాళ్లు సరిహద్దు పట్టణాల్లో సైనికులకు ప్రభుత్వ సొమ్ముతో జీతాలు అందేవనీ, ఆ పద్ధతి ఆగిపోగానే దళాలు చెదిరిపోయాయనీ ఆయన మామూలు మాటల్లో చెబుతాడు. ఇప్పటి పాసావులో ఉన్న దళం మాత్రం చెదరలేదు. తమకు రావలసిన చివరి జీతం తెచ్చుకోవడానికి కొందరిని ఇటలీకి పంపింది. దారిలో వాళ్లను చంపేశారు. సంగతి ఎవరికీ తెలియలేదు, శవాలు నదిలో కొట్టుకొచ్చేదాకా.

476ని కూడా ఈ చూపుతోనే చూడండి. ఇటలీలోని సైన్యం, అందులో ఎక్కువమంది జర్మానిక్ జాతులవాళ్లు, జీతానికి బదులు ఇటలీ భూముల్లో మూడో వంతు అడిగింది. సేనాపతి ఒరెస్టెస్ కాదన్నాడు. సైనికులు ఓడొవాకర్‌ని రాజుగా ఎన్నుకున్నారు, అతను ఒరెస్టెస్‌ని చంపి, అతని కొడుకు, బాలచక్రవర్తి రోములస్ అగస్ట్యులస్‌ని గద్దె దించి, భరణం ఇచ్చి కంపానియాకి పంపేశాడు. రాజచిహ్నాలను కాన్‌స్టాంటినోపుల్‌కి పంపించి, ఇక ఒక్క చక్రవర్తి చాలని తూర్పు చక్రవర్తి జెనోకి కబురు పెట్టారు. తూర్పు గుర్తించిన పశ్చిమ చక్రవర్తి జూలియస్ నేపోస్ డాల్మేషియాలో 480 దాకా బతికే ఉన్నాడు. పశ్చిమ సామ్రాజ్యం 476తో అంతమైందని మనకు దొరికేలా రాసినది మార్సెలినస్ అనే చరిత్రకారుడు, అదీ సుమారు నలభై ఏళ్ల తర్వాత, కాన్‌స్టాంటినోపుల్‌లో కూర్చుని.

ఇక మీ మూడో ప్రశ్న, జనమంతా ఏమయ్యారని. ఎక్కడి జనం అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

బ్రిటన్‌లో కూలడం నిజంగా కూలడమే. 402 తర్వాత కొత్త నాణేలు రావడం దాదాపు ఆగిపోయింది. 1992లో సఫోక్‌లోని హోక్స్‌న్‌లో ఒక రైతు పోగొట్టుకున్న సుత్తి వెతుకుతుంటే సుమారు 15,000 రోమన్ నాణేల నిధి దొరికింది. అందులో వెండి నాణేల అంచులు కత్తిరించి ఉన్నాయి. కొత్తవి రాక, ఉన్నవాటినే చెక్కి వెండి తీసి వాడుకున్నారు. ఆక్స్‌ఫర్డ్‌షైర్, న్యూ ఫారెస్ట్ కుండల బట్టీలు ఒకటి రెండు తరాల్లో ఆరిపోయాయి. చక్రం మీద కుండ చేసే పని, ఇటుక, పెంకు, అన్నీ పోయాయి. పాలకులు మారడం వేరు, మామూలు రైతు ఇంట్లో మంచి కుండ, కప్పు మీద పెంకు లేకుండా పోవడం వేరు. ఇదంతా పతనం కాదు, మార్పు మాత్రమే అనే చరిత్రకారులతో నేను ఇక్కడ ఏకీభవించను.

ఇటలీలో అలా కాదు. ఓడొవాకర్, అతని తర్వాత గోత్ రాజు థియోడెరిక్ కాలంలో సెనేట్ సమావేశమైంది, కాన్సుల్స్ నియమితులయ్యారు, కొలోసియంలో జంతువుల వేట ప్రదర్శనలు 523లో కూడా జరిగాయి. ఇటలీని నాశనం చేసింది తూర్పు చక్రవర్తి జస్టీనియన్ తిరిగి గెలవాలని పంపిన సైన్యాలతో 535 నుంచి సాగిన గోతిక్ యుద్ధం. 537 ముట్టడిలో గోత్‌లు రోమ్‌కి నీళ్లు తెచ్చే కాలువలను తెంపేశారు. అగస్టస్ నాడు పది లక్షలుండేదని అంచనా వేసే నగరం ఆ యుద్ధం ముగిసేసరికి కొన్ని పదివేలకు కుంచించుకుపోయింది. ఆఫ్రికా ధాన్యం ఆగాక అంతమందిని పోషించే మార్గమూ లేదు.

గాల్‌లో పెద్ద భూస్వాములు కొత్త రాజులతో రాజీపడి, బిషప్‌లుగా మారి నిలదొక్కుకున్నారు. అలా బిషప్ అయిన సిడోనియస్ అపొలినారిస్ ఉత్తరాల్లో ఆ మార్పు ఏడాది ఏడాదికీ కనిపిస్తుంది. తను కాపాడుకున్న క్లెర్మాంట్ పట్టణాన్ని 475లో సొంత ప్రభుత్వమే విసిగోత్‌లకు (గోత్‌లలో ఒక శాఖ) ఇచ్చేస్తే ఆయన రాసిన ఉత్తరం తప్పక చదవండి.

తూర్పు ఎందుకు నిలిచిందన్న పరీక్షకి నా జవాబు కూడా నిలబడాలి కదా. ఈజిప్ట్, సిరియా, ఆసియా మైనర్ (ఇప్పటి టర్కీ), ఈ పన్నుల భూములన్నీ కాన్‌స్టాంటినోపుల్ పక్కనున్న జలసంధికి అవతల ఉన్నాయి. డాన్యూబ్ దాటి వచ్చినవాళ్లను 413 నాటికి కట్టిన కాన్‌స్టాంటినోపుల్ గోడలు ఆపేవి. ఐదో శతాబ్దంలో పర్షియాతో పెద్ద యుద్ధాలూ తక్కువే. భూములు చెక్కుచెదరలేదు, పన్ను అందింది, సైన్యానికి జీతం అందింది. ఏడో శతాబ్దంలో అరబ్బుల చేతికి సిరియా, ఈజిప్ట్ పోయాక అదే తూర్పు రాజ్యం ఎంతగా కుంచించుకుపోయిందో చూడండి.

ఒక మినహాయింపు. అంటువ్యాధులు, వాతావరణ మార్పు మీద ఈమధ్య మంచి పరిశోధన జరుగుతోంది. 165 నుంచి వచ్చిన మహమ్మారి, 536 తర్వాతి చల్లని దశాబ్దాలు, 541లో మొదలైన ప్లేగు తీవ్రమైనవే. కానీ పశ్చిమం కూలిన 406-476 మధ్య అంతటి మహమ్మారి కనిపించదు, 536 నాటికి అది కూలి అరవై ఏళ్లయింది. కాబట్టి వాటిని జస్టీనియన్ కాలపు ప్రశ్నకి బలంగా వాడండి, ఈ ప్రశ్నకి తోడు కారణంగా రాయండి.

పరీక్షలో "రోమన్ సామ్రాజ్యం 476లో అంతమైంది" అని రాయకండి, "పశ్చిమ రోమన్ చక్రవర్తి పదవి ఇటలీలో 476లో ఆగింది" అని రాయండి. 376, 406, 439, 468, 476, ఈ ఐదు సంవత్సరాలను వరసగా పెట్టి, ప్రతిదాని పక్కనా ఏ భూమి పోయింది, ఎంత పన్ను పోయింది అని రాసుకుంటూ వెళ్తే మీ జవాబు దానంతటదే కుదురుతుంది. సిలబస్‌లో ఇంకేదైనా అర్థం కాకపోతే కింద అడగండి, తీరిక చూసుకుని రాస్తాను.